రహదారిపై జాగ్రత్త ఎవరి బాధ్యత?

ప్రతి సంవత్సరము జనవరి మాసములో మన దేశమందంతటను రహదారి భద్రతను గూర్చిన ఉత్సవములు జరుగుచుండును. పాఠశాలలలో ఉపన్యాసములు, వ్యాసరచన పోటీలు, ఊరేగింపులు ఏర్పాటగును. మద్యము సేవించి వాహనము నడపరాదనియు, మోటారు సైకిలుపై హెల్మెటు ధరింపవలెననియు, కారులో బెల్టు బిగించుకొనవలెననియు చెప్పుట మిక్కిలి మంచి పని. ఈ మాటలు విన్నవారిలో కొందరి ప్రాణములైనను దక్కుచున్నవి. కాని ఆ బోధనలో కాలినడకన పోవువారికిని, సైకిలుపై పోవువారికిని చెప్పబడు భాగమును శాస్త్రదృష్టితో పరీక్షించినచో ఒక పెద్ద లోపము బయటపడును.

కుడియెడమలు చూచి రోడ్డు దాటుము. జీబ్రా గుర్తులపైననే దాటుము. రోడ్డు అంచున నడువుము. వాహనము వచ్చినచో ప్రక్కకు తప్పుకొనుము. ఇవన్నియు నడచువానికి పెట్టిన నియమములు. అతడు నడచు రోడ్డును ఏ కొలతలతో నిర్మింపవలెనో, అతని ప్రక్కనుండి పోవు వాహనమునకు ఎంత వేగము తగునో ఆ పాఠములో సాధారణముగా కనిపింపదు. ప్రమాదమును తెచ్చు వస్తువునకు లేని జాగ్రత్త, ప్రమాదమునకు గురియగు ప్రాణికి మాత్రము కావలసి వచ్చినది. ఇది న్యాయమా అను ప్రశ్న అటుంచి, ఇది భౌతికశాస్త్రమునకు సరిపోవునా అనునది మొదట విచారింపదగిన విషయము.

ఏటిగట్టు మీద పరీక్ష

ఈ బోధనను పరీక్షించుటకు గోదావరి కుడిగట్టు తగిన స్థలము. కొవ్వూరునుండి తాళ్ళపూడి, గూటాల, పట్టిసీమల మీదుగా పోలవరము పోవు మార్గము చాలవరకు ఏటిగట్టును అనుసరించి సాగును. గట్టును కట్టినది వరదను ఆపుటకు. దానిపై జనులు నడువగా బాట అయినది. బాటపై తారు పడగా రోడ్డు అయినది. బడికి పోవు పిల్లలు, పొలమునకు పోవు కూలీలు, పాలకేనులు తగిలించుకొని సైకిళ్ళపై పోవువారు, శివరాత్రికి పట్టిసము వీరేశ్వరుని దర్శింపబోవు యాత్రికులు, ఇసుక లారీలు, బస్సులు, అందరికిని అదియే దారి. పోలవరము వద్ద భారీ ప్రాజెక్టు నిర్మాణము మొదలైనది మొదలు ఈ ప్రాంతపు రోడ్లకు పెద్ద వాహనములు నిత్యపరిచయములైనవి.

గట్టునకు ఒక వైపు నది, రెండవ వైపు పొలములు. రెండు వైపులను వాలు. ఇట్టి చోట లారీ హారను మ్రోగినప్పుడు ప్రక్కకు తప్పుకొనుమను బోధనకు అర్థము లేదు. తప్పుకొనుటకు ప్రక్క అనునది ఉండవలెను గదా! జీబ్రా గుర్తులపై దాటుమను మాటయు అట్టిదే. గుర్తులు గీయని పల్లెలో ఆ నియమమును బాలుడు ఎట్లు పాటింపగలడు? పట్టణపు కూడలిని మనసులో పెట్టుకొని వ్రాసిన పాఠమును పల్లె పిల్లలచేత వల్లె వేయించుట ఇందలి మొదటి దోషము.

రోడ్డు వెడల్పును గూర్చిన చిన్న తీసివేత లెక్క దీనిని మరింత స్పష్టము చేయును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణముల ప్రకారము ఒంటివరుస రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు, మధ్యరకపు రోడ్డు 5.5 మీటర్లు, రెండు వరుసల రోడ్డు 7 మీటర్లు. లారీకి చట్టము అనుమతించు గరిష్ఠ వెడల్పు 2.6 మీటర్లు. మధ్యరకపు రోడ్డుపై రెండు లారీలు ఎదురైనచో అవియే 5.2 మీటర్లు ఆక్రమించును. మిగులునది 30 సెంటీమీటర్లు, అనగా ఒక జానెడున్నర. ఏడు మీటర్ల రోడ్డుపై సహితము ఒక్కొక్క అంచున మిగులునది 90 సెంటీమీటర్లు మాత్రమే. సైకిలు హ్యాండిలు వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. ఫ్రాన్సు దేశములో మోటారు వాహనము సైకిలును దాటునప్పుడు ఊరిలో 1 మీటరు, ఊరి వెలుపల 1.5 మీటర్లు ఎడము విడువవలెనని నియమము కలదు. ఇచ్చట ఆ ఎడము విడువవలెనని డ్రైవరు కోరుకొన్నను, విడుచుటకు చోటు లేదు. ఈ లెక్కలో సైకిలువాని అజాగ్రత్త ఎచ్చట ఉన్నది?

బరువు, వేగము

ఉన్నత పాఠశాల విద్యార్థులకు గతిజశక్తి సూత్రము తెలిసినదే. వస్తువు ద్రవ్యరాశిని దాని వేగము యొక్క వర్గముచే గుణించి అందులో సగము తీసికొన్నచో గతిజశక్తి వచ్చును. ఒక విద్యార్థిని, ఆమె సైకిలు కలిసి 70 కిలోగ్రాములనుకొందము. ఆమె గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో ఆమె గతిజశక్తి సుమారు 600 జౌళ్ళు. 16 టన్నుల లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చుచున్నచో దాని గతిజశక్తి సుమారు 22 లక్షల జౌళ్ళు. ఒకదానికి ఇంకొకటి 3,600 రెట్లకు మించినది. అపాయము పుట్టుచున్న చోటు ఏదో ఈ రెండు సంఖ్యలే చెప్పుచున్నవి. కొండమీదినుండి దొర్లు బండను ఆపుట మాని, క్రింద ఉన్నవారికి మాత్రమే మెలకువలు చెప్పుట వివేకము కాదు.

అదే లారీ 30 కిలోమీటర్ల వేగముతో వచ్చినచో శక్తి సగము కాదు, నాలుగవ వంతు అగును. దీనిని ఎత్తుల లెక్కలో చూచిన విద్యార్థులకు సులభముగా బోధపడును. బరువైన వాహనము మనుష్యుని తాకినప్పుడు అతని శరీరము క్షణములో దాదాపు ఆ వాహనపు వేగమును పొందవలసి వచ్చును. గంటకు 30 కిలోమీటర్ల వేగము 3.5 మీటర్ల ఎత్తునుండి, అనగా డాబాయింటి పైనుండి, పడినప్పుడు కలుగు వేగముతో సమానము. 60 కిలోమీటర్ల వేగము 14 మీటర్ల ఎత్తుగల కొబ్బరిచెట్టు తలనుండి పడుటతో సమానము. డాబాపైనుండి పడినవారిలో చాలమంది బ్రతుకుదురు. కొబ్బరిచెట్టు మాట కోనసీమ పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు.

వాహనము ఆగు దూరమును గూర్చిన లెక్క ఇంతకంటె కఠినమైనది. అపాయమును చూచి డ్రైవరు బ్రేకు త్రొక్కుటకు ఒక సెకను పట్టుననియు, బ్రేకు పడిన పిమ్మట వేగము సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుననియు అనుకొందము. ఒక బాలుడు వాహనమునకు 20 మీటర్ల ముందు హఠాత్తుగా రోడ్డుపైకి వచ్చినాడు. 30 కిలోమీటర్ల వేగముతో వచ్చు వాహనము మొత్తము 15.3 మీటర్లలో ఆగిపోవును. బాలునికి ఇంకను నాలుగు మీటర్లకు పైగా ఎడము మిగులును. 40 కిలోమీటర్ల వేగముతో వచ్చునది అతనిని 21 కిలోమీటర్ల వేగముతో తాకును. 60 కిలోమీటర్ల వేగముతో వచ్చునది బ్రేకు త్రొక్కుటకు ముందే 16.7 మీటర్లు పోవును, మిగిలిన 3.3 మీటర్లలో బ్రేకు చేయగలిగినది స్వల్పము. బాలుని తాకునప్పటికి ఇంకను 56 కిలోమీటర్ల వేగము నిలిచియుండును. బాలుడు చేసిన పొరపాటు మూడు సందర్భములలోను ఒక్కటే. ఫలితము మాత్రము ఒకచోట గద్దింపు, ఒకచోట గాయము, ఒకచోట మరణము. ఆ భేదమును కలిగించినది వేగము ఒక్కటే.

పిల్లలు పొరపాటు చేయుదురు. వృద్ధులకు చెవి వినబడదు, చూపు ఆనదు. వానలో తలపై గోనె కప్పుకొన్న కూలీకి ప్రక్కచూపు ఉండదు. ఈ పొరపాటులకు మరణము శిక్ష కారాదను సిద్ధాంతముపై స్వీడన్ పార్లమెంటు 1997లో ఒక విధానమును ఆమోదించినది. మనుష్యుడు తప్పు చేయునని ముందుగనే ఒప్పుకొని, ఆ తప్పు ప్రాణము తీయని విధముగా రోడ్డును, వేగమును ఏర్పరుపవలెనని దాని సారాంశము.

చట్టము పాటించినను

అతివేగము చట్టవిరుద్ధమే గదా, దానిని అరికట్టుమనియే బోధించుచున్నారు గదా అని కొందరు అనవచ్చును. కాని కేంద్ర ప్రభుత్వము 2018లో ప్రకటించిన పరిమితుల ప్రకారము, నాలుగు వరుసలు లేని సాధారణ రోడ్లపై సరకు వాహనములకు గరిష్ఠ వేగము 60, కార్లకు 70 కిలోమీటర్లు. రాష్ట్రములు వీనిని తగ్గించుకొనవచ్చును. తగ్గింపు బోర్డు లేని పల్లెలో ఆ పైసంఖ్యయే వర్తించును. అనగా పైన చెప్పిన లెక్కలో బాలుని 56 కిలోమీటర్ల వేగముతో తాకిన లారీ డ్రైవరు చట్టమును అతిక్రమింపలేదు. చట్టమును అతిక్రమింపని ఇద్దరి మధ్య మరణము సంభవించునప్పుడు తప్పు చట్టము నిర్ణయించిన సంఖ్యలోనే ఉన్నదని గ్రహింపవలెను. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోములో జరిగిన ప్రపంచ మహాసభ, నడచువారును సైకిళ్ళును వాహనములతో కలిసి పోవు చోట్ల వేగము 30 కిలోమీటర్లు మించరాదని సిఫారసు చేసినది.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారము 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో పాదచారులు 32,825 మంది, సైకిలుపై పోవువారు సుమారు 4,800 మంది. ప్రతి అయిదుగురు మృతులలో ఒకరు కేవలము నడచిపోవుచున్న మనుష్యులు. ఇంతమందియు కుడియెడమలు చూడకనే మరణించిరని చెప్పుట సాహసము.

కొన్ని చోట్ల బోధనయే తలక్రిందులుగ ఉన్నది. రోడ్డుకు ఎల్లప్పుడు ఎడమ ప్రక్కనే నడువవలెనని పిల్లలకు నేర్పుట మనకు అలవాటు. వాహనములు ఎడమ ప్రక్కన పోవు దేశములో ఎడమ ప్రక్క నడచువానికి వాహనము వెనుకనుండి వచ్చును. అతడు దానిని చూడలేడు. మనవలెనే ఎడమ ప్రక్కన వాహనములు నడపు బ్రిటనులోని రహదారి నియమావళి, ఫుట్‌పాతు లేని రోడ్డుపై కుడి ప్రక్కన, ఎదురువచ్చు వాహనములను చూచుచు నడువుమని చెప్పును. సైకిలు వాహనము గనుక అది ఎడమ ప్రక్కనే పోవలెను. నడచువాడు వాహనము కాడు. ఈ భేదమును పాఠములో చేర్చుటకు ఒక్క పైసా ఖర్చు కాదు.

లెక్కింపులోని లోపము

సైకిలువారికి వేరు బాట ఎప్పుడు వేయవలెనను విషయమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1962లోనే ఒక సిఫారసు చేసినది. గంటకు 100 నుండి 200 వరకు మోటారు వాహనములు పోవు మార్గమున, రద్దీ గంటలో 400 సైకిళ్ళు పోవుచున్నచో వేరు బాట వేయవచ్చుననియు, మోటారు వాహనములు 200 మించినచో 100 సైకిళ్ళున్నను చాలుననియు దాని తాత్పర్యము. ఆ కాలమునకు అది ముందుచూపుగల పత్రమే. దానిని 2015లో సవరించిరి. అయితే ఈ విధమైన లెక్కింపులో ఒక తార్కిక దోషము ఉన్నది. రోడ్డుపై నిలిచి లెక్కించువానికి కనబడునది సైకిలు త్రొక్కుచున్నవారు మాత్రమే. భయపడి మానివేసినవారు లెక్కకు రారు. తన కుమార్తెను గట్టురోడ్డుపై సైకిలుమీద పంపుటకు జంకి, ఆటోలో ఎక్కించు తండ్రి ఆ పట్టికలో మోటారు వాహనముల వరుసలో పడును! రోడ్డు ఎంత భయంకరమగునో సైకిళ్ళ సంఖ్య అంత తగ్గును. సంఖ్య తగ్గిన కొలది బాట అక్కరలేదని తేలును. రోగము ముదిరినకొలది మందు అనవసరమని చెప్పు వైద్యమిది.

ఈ లోపము ఎవరిని బాధించుచున్నదో చూడవలెను. 2006లో బీహారు ప్రభుత్వము ఉన్నత పాఠశాలలో చేరిన బాలికలకు సైకిళ్ళిచ్చు పథకము ప్రారంభించినది. దాని ఫలితములను పరిశోధించిన ఆర్థిక శాస్త్రజ్ఞులు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్‌లు, బాలికల చేరిక 32 శాతము పెరిగినదనియు, బాలబాలికల మధ్య అంతరము 40 శాతము తగ్గినదనియు 2017లో ప్రకటించిరి. ఆంధ్రప్రదేశములోను 2014–19 మధ్య ‘బడికొస్తా’ అను పేరుతో ప్రభుత్వ పాఠశాలల తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళిచ్చిరి. ఇనుప గుర్రమును ఇచ్చుట మెచ్చదగినది. అది పోవలసిన దారిని మాత్రము ఎవరును ఇవ్వలేదు. సైకిలునకు తాళము వేసి వసారాలో నిలుపవలసి వచ్చినచో, ఆ బాలికకు కలుగు నష్టము ఒక వాహనపు నష్టము కాదు, చదువు నష్టము.

విహారమునకా, ప్రయాణమునకా?

పోలవరము వైపునుండి వచ్చు గట్టురోడ్డు కొవ్వూరు చేరును. అచ్చటనుండి రాజమహేంద్రవరము పోవుటకు 1974లో ప్రారంభమైన రోడ్డు రైలు వంతెన కలదు. పైన రోడ్డు, క్రింద రైలు. నాలుగు కిలోమీటర్లకు పైబడిన ఆ పైరోడ్డుపై సైకిలువాడు బస్సులతో, లారీలతో కలిసియే పోవలెను. దానికి సమీపముననే 1900లో పూర్తియైన హేవ్‌లాక్ వంతెన, సుమారు రెండుముప్పావు కిలోమీటర్ల పొడవున, 1997నుండి రైళ్ళు లేక నిలిచియున్నది. దానిని పర్యాటక కేంద్రముగ మార్చుట ముఖ్యాంశముగ గల ‘అఖండ గోదావరి’ పథకమునకు, సుమారు 94 కోట్ల రూపాయల అంచనాతో, 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగినది. వంతెన పాత ఇనుముగ అమ్ముడుపోకుండుట సంతోషకరము. కాని ఆ వంతెనను విలువ కట్టు ప్రశ్న వేరు. తెల్లవారుజామున కొవ్వూరునుండి పాలకేనులతో బయలుదేరిన సైకిలువాడు, టిక్కెట్టు కొనకుండ, లారీ భయము లేకుండ, ఆవలి గట్టు చేరగలడా? చేరగలిగినచో అది రెండు గట్టులను కలుపు దారి. లేనిచో అది నదిపై కట్టిన తోట.

హైదరాబాదులో 2023 అక్టోబరులో వెలుపలి వలయరోడ్డు ప్రక్కన ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాటకును ఈ ప్రశ్న వర్తించును. దానికి సౌరఫలకముల పైకప్పు వేసి, నీడను విద్యుత్తును ఒకేసారి సాధించుట చక్కని ఆలోచన. అయితే ఆ బాట ఎక్కువమందికి వ్యాయామస్థలము. ఇంటిని బడితోను, బడిని బజారుతోను కలుపు బాటలు దానికి తోడైనప్పుడే అది ప్రయాణ సాధనమగును.

గట్టుల దేశపు అనుభవము

గోదావరి డెల్టావలెనే గట్టులతోను కాలువలతోను నిండిన దేశము నెదర్లాండ్సు. అచ్చట 1971లో రోడ్డు ప్రమాదములలో సుమారు 3,300 మంది మరణించిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధులకెక్కి, పిల్లల చావులను ఆపుడని ఉద్యమించిరి. 1973లో చమురు కొరత కూడ తోడైనది. ప్రభుత్వము క్రమముగ సైకిళ్ళకు వేరు బాటలు వేసినది. నివాస వీధులలో వేగమును తగ్గించినది. ఇటీవలి సంవత్సరములలో ఆ మరణములు సుమారు అయిదవ వంతునకు దిగినవి. ఆ దేశములో సైకిలు త్రొక్కువారిలో అత్యధికులు హెల్మెటు ధరింపరు. హెల్మెటు నిరుపయోగమని దీని అర్థము కాదు. పడినప్పుడు తలకు అది మేలు చేయును. కాని 22 లక్షల జౌళ్ళకు అడ్డుగ నిలుచునది తలమీది టోపీ కాదు, నేలమీది బాట.

గట్టురోడ్డును వెడల్పు చేయుట కష్టమను మాట నిజమే. అందుకు గట్టు ఇంజనీరింగులోనే ఒక మార్గము ఉన్నది. గట్టునకు పొలములవైపు వాలు దిగువున మట్టితో వెడల్పైన అరుగు వేయుదురు. దీనిని ఇంజనీర్లు బెర్ము అందురు. వరదకాలమున గట్టు క్రిందినుండి ఊరు నీటికి దారి పొడవగుటచేతను, గట్టు పాదమునకు బరువు చేకూరుటచేతను గట్టు బలపడును. ఆ అరుగుపైననే రెండు మీటర్ల నడక, సైకిలు బాటను వేయవచ్చును. ఒక పనికి వేసిన మట్టి రెండు పనులకు ఉపకరించును.

వేగము తగ్గించినచో కాలము వృథాయగునను ఆక్షేపణ కూడ లెక్కకు నిలువదు. కొవ్వూరు, పోలవరముల మధ్య అయిదు గ్రామములలో అర కిలోమీటరు చొప్పున వేగమును 60నుండి 30కి తగ్గించినచో మొత్తము ప్రయాణములో అదనముగ పట్టునది రెండున్నర నిమిషములు. ఒక రైల్వే గేటు వద్ద ఇంతకంటె ఎక్కువసేపు నిలుచుచున్నాము.

చట్టమును కదలుచున్నది. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము, రోడ్డు నిర్మాణములో ప్రమాణములు పాటింపని అధికారులకు, కంట్రాక్టర్లకు లక్ష రూపాయల వరకు జరిమానాను ఏర్పరచినది. ఆటంకము లేని ఫుట్‌పాతు పొందుట రాజ్యాంగపు 21వ అధికరణము ఇచ్చు జీవించు హక్కులో భాగమని సుప్రీం కోర్టు 2025 మే నెలలో ప్రకటించినది. ఈ తీర్పు ఫలించుటకు స్థానికముగ అడుగువారు ఉండవలెను. అడుగుటకు కొలతలు కావలెను.

ఆ కొలతలు ఉన్నత పాఠశాలలోనే తయారు కాగలవు. బడి ముందు రోడ్డు అంచున సురక్షితమైన చోట 50 మీటర్ల దూరమును రెండు గుర్తులతో కొలిచి, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో విద్యార్థులు వాహనములు ఆ దూరమును దాటు కాలమును గడియారముతో చూడవలెను. 6 సెకనులు పట్టినచో వేగము 30 కిలోమీటర్లు. 3 సెకనులే పట్టినచో 60. రోడ్డు వెడల్పును టేపుతో కొలువవలెను. బడికి సైకిలుపై వచ్చువారెందరో, సైకిలు ఉండియు భయముచే రానివారెందరో తరగతివారీగ వ్రాయవలెను. ఈ రెండవ సంఖ్య ఏ ప్రభుత్వ పట్టికలోను లేదు. ఒక వారము దినముల ఈ పట్టికను పంచాయతీకిని, రోడ్లు భవనముల శాఖకును పంపి, బడి ముందు వేగము 30 కిలోమీటర్లకు పరిమితము చేయుమనియు, ఎత్తుచేసిన దాటుచోటును, నడక బాటను ఏర్పరుపుమనియు కోరవచ్చును.

గతిజశక్తి పాఠమునకు ఇంతకంటె తగిన ప్రయోగశాల లేదు. భద్రతా ఉత్సవములలో పిల్లలచేత ప్రతిజ్ఞలు చేయించువారు, వచ్చు జనవరిలో ఆ పట్టికనొకటి చదివించినచో, జాగ్రత్త అను మాట మొట్టమొదటిసారిగ రోడ్డు వేసినవారికిని వాహనము నడపువారికిని కూడ వినబడును.